ఖాళీ కుర్చీలకు జవాబుదారు ఎవరు?

గ్రామ స్వరాజ్యంపై పార్లమెంటులో ఉపన్యాసాలకు ఏనాడూ కొరత లేదు. వాటిని విని మురిసిపోయేవారు ఒక్కసారి పుదుచ్చేరి వైపు చూడడం మంచిది.

1954 అక్టోబర్ 18న అక్కడి కీళూరు గ్రామంలో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమయ్యారు. వారు ప్రతినిధి సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు. భారతదేశంలో విలీనం కావాలని 170 మంది, వద్దని 8 మంది ఓటు వేశారు. నవంబర్ 1న ఫ్రెంచి పాలన ముగిసింది. ఊరి కౌన్సిలర్ల ఓటుతో స్వతంత్ర భారతంలో చేరిన ప్రాంతమది. అటువంటి చోట ఊరి కౌన్సిళ్ళే కరవు కావడాన్ని ఏమనాలి?

1968 తరువాత మళ్ళీ స్థానిక ఎన్నికలు జరగడానికి 38 సంవత్సరాలు పట్టింది. అదీ న్యాయస్థానం చొరవతోనే 2006లో జరిగింది. ఆ సభ్యుల పదవీకాలం 2011లో తీరింది. 2018లో సుప్రీంకోర్టు ఆదేశించినా 2021 దాకా నోటిఫికేషన్ వెలువడలేదు. వెలువడినదీ రిజర్వేషన్ల వివాదంలో చిక్కి మద్రాసు హైకోర్టులో ఆగిపోయింది. వెయ్యికి పైగా స్థానాలు 2024 చివరికీ ఖాళీగానే ఉండిపోయాయి. ఒక వార్డు సభ్యుడు కన్నుమూస్తే ఉప ఎన్నిక జరిపి తీరాలనే దేశంలో, సభకు సభే ఖాళీ అయితే మాత్రం అధికారిని కూర్చోబెట్టి ఊరుకుంటున్నాము!

జాప్యానికి కారణం కేవలం చట్టపు చిక్కులు కావు. పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికయ్యేది 30 మంది. ఓటర్లు సుమారు పది లక్షలు. అంటే శాసనసభ్యుడి నియోజకవర్గం మనవైపు ఒక పెద్ద మండలం పాటి. వీధి దీపమూ, మురుగు కాలువా ఆయన చలవే కావాలి. పంచాయతీ అధ్యక్షుడు వస్తే ఆ పలుకుబడికి పోటీ వచ్చినట్లే. పార్టీలు మారినా ఈ భయం మారలేదు.

వెనుకబడిన తరగతులకు న్యాయమైన వాటా తేలకుండా ఎన్నికలు ఎలా అన్న వాదనను తేలికగా కొట్టివేయలేము. వాటా తేలవలసిందే. అయితే అందుకు గణాంకాల సేకరణ పూర్తి కాలేదన్న కారణంతో ఎన్నికలు వాయిదా వేయరాదని మధ్యప్రదేశ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2022లోనే స్పష్టం చేసింది. అసలు సభే లేనప్పుడు వాటా దక్కేది ఎవరికి? బలహీనులు మొదట పోగొట్టుకునేది తమ వార్డు సభ్యుణ్ణే. అధికారి గడప తొక్కగల స్తోమత ఉన్నవారికి ఆ లోటు తెలియదు.

ఇది తమిళ పల్లెల గొడవ, మనకెందుకు అనుకోరాదు. గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు యానాం మునిసిపాలిటీదీ ఇదే గతి. మన ఇల్లూ అంత చక్కగా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచులు దిగిపోతే ప్రత్యేకాధికారులు గద్దెనెక్కారు. అక్కడ ఎన్నికలకు 2025 డిసెంబర్ రావలసి వచ్చింది.

అయిదేళ్ళ గడువు తీరకముందే ఎన్నికలు ముగియాలని 1993లో అమలులోకి వచ్చిన రాజ్యాంగ సవరణ శాసిస్తున్నది. గడువు మీరితే ఎవరిని ప్రశ్నించాలో మాత్రం అది చెప్పలేదు. రాష్ట్రాలలోనైతే నెపం ముఖ్యమంత్రులపైకి నెట్టవచ్చు. కేంద్రపాలిత ప్రాంతంలో అట్లా నెట్టడానికి వీలు లేదు. లెఫ్టినెంట్ గవర్నరును పంపేది ఢిల్లీయే. ఆయన అధికారాల మీద ఉన్న పట్టింపు ఈ ఖాళీ కుర్చీల మీద ఎందుకు కనబడదు?

ఏటా ఆగస్టు 16న పుదుచ్చేరి నాయకులు కీళూరు స్మారకానికి పూలమాలలు వేస్తారు. ఆనాడు ఓటు వేసిన కౌన్సిలర్లకు అంతకన్నా గొప్ప నివాళి ఒకటుంది: వారి కుర్చీలలో మళ్ళీ మనుషులను కూర్చోబెట్టడం.