గట్టున పారవేసిన పొట్లం విలువ

సూరత్ పేరు వినగానే మన పాఠకులకు మరమగ్గాలు, చీరల వ్యాపారం, తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళి అక్కడ స్థిరపడిన నేత కుటుంబాలు జ్ఞాపకం వస్తాయి. పత్తి రైతుకు ఆ నగరంతో మరొక సంబంధం ఉన్నది. 1970లో సూరత్‌లోని పత్తి పరిశోధన కేంద్రం నుండి సి.టి. పటేల్ రూపొందించిన 'హైబ్రిడ్-4' విడుదలైనది. వాణిజ్య సాగుకు వచ్చిన సంకర పత్తి రకాలలో ప్రపంచంలోనే అది మొదటిది. ఏటా విత్తనం కొనే అలవాటు, పత్తి పల్లెలలో విత్తన డీలరు మాటకు కలిగిన విలువ, పంట రుణంలో విత్తనపు ఖర్చుకు దక్కిన స్థానం ఆ సంకర విత్తనంతో బలపడినవే.

ఆ గుజరాత్‌లోనే 2001లో కాయతొలుచు పురుగులు విజృంభించినప్పుడు కొన్ని చేలు మాత్రం చెక్కుచెదరక నిలిచాయి. పరీక్షించగా అది అనుమతి లేని బీటీ పత్తి అని తేలినది. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం బీటీ పత్తి సాగుకు అనుమతి ఇచ్చినది. రెండు జన్యువులు గల బోల్‌గార్డ్-2 రకం 2006లో వచ్చినది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును చేర్చడం వలన, కాయతొలుచు పురుగులను చంపే ప్రోటీన్‌ను మొక్కయే తయారు చేసుకుంటుంది. శనగపచ్చ పురుగుకు కొట్టే మందుల ఖర్చు తగ్గినది. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు తాకిడికి, అప్పుల భారానికి బలియైన పత్తి రైతులను మరచిపోని వారికి ఆ మేలు ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అయితే ఆ మేలు కలకాలం నిలుస్తుందన్న హామీ ఏ విత్తనమూ ఇవ్వదు. దానిని నిలుపుకొనడానికే 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని వేరొక పొట్లంలో ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు వరుసలు గాని, విస్తీర్ణంలో 20 శాతం గాని, ఏది ఎక్కువైతే అంత మేరకు దానిని విత్తవలసి ఉండేది. ఇందులోని కిటుకు సులభమైనది. బీటీ విషాన్ని తట్టుకొనే పురుగులు ఏ కొద్దిగానో ఉంటాయి. నాన్ బీటీ మొక్కలపై పెరిగిన మామూలు పురుగులతో అవి జతకడితే, పుట్టిన సంతానం మరల బీటీకి లొంగుతుంది. మామూలు పురుగులు మిగలకపోతే తట్టుకొనేవే తమలో తాము జతకట్టి వంశాన్ని పెంచుకుంటాయి.

మనలో చాలామంది ఆ పొట్లాన్ని గట్టున పారవేశాము. అది పనికిరాని గింజ అని చెప్పి పంపిన డీలర్లూ ఉన్నారు. నేరమంతా రైతుదే అనడం న్యాయం కాదు. పెద్ద కమతాల దేశాలకు తగిన నియమాన్ని రెండెకరాల రైతుపై మోపితే, ఐదవ వంతు చేనును పురుగుకు వదలమన్నట్లే అతనికి తోస్తుంది. ఆ ఇబ్బందిని గుర్తించిన తరువాతనే నాన్ బీటీ గింజలను అదే ప్యాకెట్టులో కలిపి ఇచ్చే పద్ధతి వచ్చినది.

అది వచ్చేలోగా నష్టం జరిగిపోయినది. గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాలలో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం లేదని 2010లో వెల్లడి అయినది. 2015 నాటికి ఆ రాష్ట్రంలో బోల్‌గార్డ్-2 కూడ దాని ముందు నిలువలేదు. అటుపిమ్మట మహారాష్ట్రను, మన తెలుగు రాష్ట్రాలను కూడ ఆ బెడద చుట్టుకొన్నది.

మిగిలిన వాటికంటె ఈ పురుగే ముందుగా మొండికెత్తడానికి కారణాలున్నాయి. దాని ఆహారం దాదాపుగా పత్తి మాత్రమే. కాయలోపల దాగి ఉండడం వలన మందు దానికి తగలదు. పైగా సంకర పత్తి కాయలోని గింజలన్నింటిలో రెండు విషాలూ ఉండవు. కొన్నింటిలో ఒకటే ఉంటుంది. అర్ధబలపు విషాన్ని తిని బ్రతికిన పురుగు మరింత రాటుదేలుతుంది. మార్చి, ఏప్రిల్ వరకు పంటను నిలిపితే దానికి ఏడాది పొడుగునా తిండి దొరికినట్లే.

మరొక దారి లేకపోలేదు. అమెరికాలోని అరిజోనా రైతులు మొదటి పదేళ్ళు నాన్ బీటీ పత్తిని శ్రద్ధగా వేశారు. 2006 నుండి వంధ్య రెక్కపురుగులను చేలపై వదిలారు. తమ పత్తి ప్రాంతాలలో గులాబీ పురుగు నిర్మూలనమైనదని 2018లో అమెరికా ప్రకటించినది. ఇందుకు భిన్నంగా, దక్షిణాఫ్రికాలో బీటీ మొక్కజొన్నను కాండం తొలుచు పురుగు తట్టుకొంటున్నట్లు 2007లోనే బయటపడినది. మన దేశంలో జన్యుమార్పిడి మొక్కజొన్నకు సాగు అనుమతి లేదు. 2018లో కత్తెర పురుగు వచ్చిన నాటి నుండి అటువంటి విత్తనం కావాలనేవారు ముందుగా పత్తి చెప్పిన పాఠం చదవవలసి ఉన్నది.

ఇప్పుడు చేయవలసినది కష్టమైన పని కాదు, కలసి చేయవలసిన పని. డిసెంబరుతో పత్తిని ముగించి, కట్టెను చేనులో గాని, ఇంటి పెరటిలో గాని నిలువ ఉంచకూడదు. పూత దశ నుండి లింగాకర్షక బుట్టలు పెట్టి, గుడ్డిపూలు కనిపించిన వెంటనే ఏరి నాశనం చేయాలి. జిన్నింగు మిల్లులు వేసవి వరకు గింజను పోగువేసి ఉంచితే, అక్కడి నుండే పురుగు మరల ఊరిమీద పడుతుంది. తక్కువ కాలపు రకాలను చూపడం, అనుమతి లేని విత్తనాన్ని అంగడిలోకి రానీయకపోవడం డీలరు బాధ్యత.

చివరి తీతతో బాకీ తీర్చుదామన్న రైతు ఆశ మనకు తెలియనిది కాదు. కాని ఆ తీత కొరకు పెట్టే మందుల ఖర్చును, పుచ్చుపట్టిన పత్తికి దక్కే ధరను, వచ్చే ఏటి పంటకు తెచ్చే ముప్పును కూడ లెక్కలో వేయాలి. పంట దెబ్బతిని గడువు దాటితే, సకాలంలో చెల్లించినవారికి లభించే 3 శాతం వడ్డీ రాయితీ కూడ చేజారుతుంది. బ్యాంకులు సైతం పత్తి వెనుక వేసే రెండవ పంటకు రుణం సకాలంలో అందిస్తేనే, డిసెంబరులో చేను ఖాళీ చేయమన్న సలహాకు అర్థం ఉంటుంది.

విత్తనంలోని రక్షణశక్తి ఊరందరి ఉమ్మడి మూలధనం. దానిపై వచ్చే ఫలాన్ని అనుభవించవచ్చు గాని, అసలునే తినివేస్తే దానిని తిరిగి ఇచ్చే బ్యాంకు ఎక్కడా లేదు.