నాన్న వీపే పడవ!

మృగశిర కార్తె వానలు పడితే చాలు, ఆసిఫాబాద్ చుట్టుపక్కల పొలాల్లో కప్పల బెకబెకలు మొదలవుతాయి. నీటి గుంటల్లో వందల గుడ్లు పెట్టేసి వాటి దారిన అవి పోతాయి. ఆపైన పిల్లల అదృష్టం!

మధ్య అమెరికా అడవుల్లోని ఆకుపచ్చ డార్ట్ కప్ప తీరే వేరు. అది పెట్టేది కొన్ని గుడ్లే, అదీ తడి ఆకుల మీద. అవి ఎండిపోకుండా కాచుకునేది మగకప్ప. దాదాపు రెండు వారాలకు తోకకప్పలు బయటికొస్తే, వీపున ఎక్కించుకుని చెట్టు తొర్రల్లోని నీళ్లలో వదులుతుంది.

విదేశాల్లో వీటిని ఇళ్లలో పెంచుతారు. అడవిలో తినే చీమలు, నల్లుల నుంచే వీటికి విషం వస్తుంది కాబట్టి ఇంట్లో పుట్టినవాటికి అది ఉండదు. గుడ్లను విడిగా తీస్తే మాత్రం ఆ నాన్న పనంతా పెంచేవాళ్లదే. గుడ్లు తడిగా ఉండాలి, మునగకూడదు. తోకకప్పలను ఒక్కోదాన్ని ఒక్కో గిన్నెలో ఉంచాలి, కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి! క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు పనికిరావు. ముందుకాళ్లు రాగానే ఎక్కడానికి ఒడ్డు ఉండాలి. లేదంటే నీళ్లలో పెరిగిన కప్పే నీళ్లలో మునిగి చనిపోతుంది.

గుంటల్లో తోకకప్పలను సీసాల్లోకి పట్టే మన పిల్లలకు ఇంత కష్టం అక్కర్లేదు. కాసేపు చూసి, అదే గుంటలో వదిలేస్తే చాలు!