ఉమ్మడి మూట

జావాస్క్రిప్టుతో కుస్తీ పట్టే మిత్రులకు ఒక విన్నపం. అజాక్స్ అభ్యర్థనలన్నిటికీ కావలసిన ఉమ్మడి పరామితులను దయచేసి గ్లోబల్‌గా పెట్టకండి.

ఒక పుటనుండి సర్వరుకు పది అభ్యర్థనలు వెళ్తాయనుకోండి. ప్రతిదానితోనూ భాష, వాడుకరి గుర్తింపు, భద్రతా టోకెను పంపాలి. పదిచోట్లా అవే వ్రాయడం ఎవరికైనా విసుగే. అందుకే జేక్వెరీలో అజాక్స్‌సెటప్ కనబడగానే లంకెబిందెలు దొరికినట్లు సంబరపడ్డాను. ఒక్కచోట వ్రాస్తే చాలు, ప్రతి అభ్యర్థనా ఆ మూటను తనంతట తానే మోసుకుపోతుంది.

మొదటి దెబ్బ చిన్నదే. ఒక ఫారమును సీరియలైజ్ చేసి పంపితే ఉమ్మడి పరామితులు మాయమయ్యాయి. పూటంతా వెతికాక తెలిసింది: రెండూ ఆబ్జెక్టులైతేనే జేక్వెరీ వాటిని కలుపుతుంది. అభ్యర్థనలోని డేటా స్ట్రింగైతే ఉమ్మడిదాన్ని నెట్టేసి తానే కూర్చుంటుంది. హెచ్చరిక అంటూ ఏమీ ఉండదు. పైగా పుట తెరచినప్పుడు ఇచ్చిన టోకెను అక్కడే గడ్డకట్టుకుపోతుంది; సర్వరు కొత్తది ఇచ్చినా పాతదే వెళ్తూంటుంది.

రెండవది చిన్నది కాదు. అదే పుటలో వాతావరణ వివరాలకోసం వేరెవరిదో సర్వరును అడుగుతున్నాం. మా వాడుకరుల టోకెన్లు ఆ చిరునామాలో, ప్రశ్నార్థకం పక్కన, నెలరోజులపాటు బాహాటంగా ఊరేగాయి. అన్నిటినీ రద్దుచేసి, అందరిచేతా మళ్ళీ లాగిన్ చేయించాం. తప్పు నాదే. ఆ సదుపాయాన్ని వాడవద్దని జేక్వెరీ పత్రాలలోనే గట్టిగా చెప్పి ఉంది. నేను ఉదాహరణ వరకే చదివాను!

2011లో 1.5తో వచ్చిన ప్రీఫిల్టర్ కొంత నయం. అభ్యర్థన పరాయి సర్వరుకా కాదా అని అక్కడ చూడవచ్చు. కానీ అప్పటికే డేటా స్ట్రింగుగా మారిపోయి ఉంటుంది, అతుకులు తప్పవు. నా మటుకు నేను ఇప్పుడొక చిన్న ఫంక్షను వ్రాసుకున్నాను. అది మా సర్వరుకే పంపుతుంది, టోకెనును పిలిచిన ప్రతిసారీ కొత్తగా చదువుతుంది. ఫెచ్‌లో గ్లోబల్ అమరికలు లేవని నిట్టూర్చేవారున్నారు. నేనైతే ఆ లేమినే మెచ్చుకుంటాను.

ఆ ఫంక్షనును ఎక్కడైనా పిలవడం మరచిపోతే ఎలా అని ఒక మిత్రుడు నిలదీశాడు. మరచిపోతే సర్వరు 401 అంటుంది, అయిదు నిమిషాల్లో దిద్దుకుంటాం. అక్కరలేనిచోటికి టోకెను వెళ్తే ఎవరూ ఏమీ అనరు. మాకు నెల పట్టింది.

ఆక్సియోస్‌లో వేరే ఇన్‌స్టెన్సు సృష్టించుకునేవారు నిశ్చింతగా ఉండవచ్చనుకుంటారేమో. పూర్తి చిరునామా ఇస్తే అది మామూలుగా బేస్ యూఆరెల్‌ను పక్కనబెడుతుంది, హెడర్లను మాత్రం వెంట పంపుతుంది. ఒకసారి చూసుకోండి.