ఆపిల్ 2ఈ గడియారానికి డ్రైవర్
1980ల నాటి ఆపిల్ 2ఈ కంప్యూటర్‌లో గడియారం ఉండదు. విడిగా అమర్చి, దాన్ని చదివే డ్రైవర్ రాసుకోవాలి. ప్రోడాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇందుకు చక్కటి ఏర్పాటు చేసింది. సమయం కావాల్సినప్పుడల్లా అది బీఎఫ్06 చిరునామాను పిలుస్తుంది. గడియారం లేకపోతే అక్కడి ఆదేశం వెంటనే వెనక్కి పంపేస్తుంది, ఉంటే డ్రైవర్ దగ్గరికి పంపుతుంది. డ్రైవర్‌కు దక్కే చోటు 125 బైట్లే. అందులోనే తేదీని 16 బిట్లలోకి కుదించాలి: సంవత్సరానికి 7, నెలకు 4, రోజుకు 5. చిక్కంతా సంవత్సరంతోనే. థండర్‌క్లాక్ అనే గడియారం కార్డు సంవత్సరం చెప్పదు. అందుకని ప్రోడాస్ సొంత డ్రైవర్ నెల, తేదీ, వారం చూసి సంవత్సరాన్ని పట్టికలో వెతుకుతుంది. కొన్నేళ్లకే ఆ పట్టికకు కాలం చెల్లుతుంది. నేర్పు మెచ్చదగ్గదే గానీ, ఫైలు మీద సంవత్సరం తప్పుగా పడితే ఏది కొత్త ప్రతో, ఏది పాతదో తేల్చలేం. డల్లాస్ డీఎస్1216 గడియారాల్లో రోమ్ చిప్పు కింద ఇమిడే రకం సంవత్సరాన్ని రెండంకెల్లో తానే ఇస్తుంది. దాన్ని తెరవడానికి 64 బిట్ల సంకేతాన్ని ఒక్కో బిట్టుగా పంపాలి, అంతసేపూ ఇంటరప్టులను ఆపి ఉంచాలి. శ్రమ ఎక్కువైనా కొత్త డ్రైవర్‌కు ఇదే సరైన దారి. చివరగా బీఎఫ్98 బైటులో కుడి కొస బిట్టును 1 చేస్తే, గడియారం ఉన్నట్టు ప్రోగ్రాములకు తెలుస్తుంది.