కొత్తవాళ్ల చేతికి గరిటె

అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి గురించి పత్రికల్లో ఏదైనా వచ్చిందంటే అది ఎక్కువసార్లు తగ్గుదల కబురే. ఆ దేశానికి మిగతా క్రైస్తవ శాఖలన్నిటికంటే ఎక్కువమంది అధ్యక్షులను ఇచ్చిన శాఖ అది. 1960ల నడుమ 34 లక్షలు దాటిన దాని సభ్యత్వం ఇప్పుడు 15 లక్షల దరిదాపుల్లో ఉంది. 2023లో ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లు సగటున 4 లక్షల పైచిలుకు. అంతకుముందు ఏటికంటే కాస్త నయమే గాని, కోవిడ్‌కు ముందున్న లెక్కను అందుకోలేదు. ఇంత వాలులోనూ అక్కడక్కడా పెరుగుతున్న సంఘాలున్నాయి, మూతపడబోయి నిలదొక్కుకున్నవీ ఉన్నాయి. ఎందుకు నిలిచాయని అడిగితే మంచి ప్రసంగం, మంచి సంగీతం, గుమ్మం దగ్గర ఆప్యాయమైన పలకరింపు అని చెబుతారు. అవన్నీ కావలసినవే. అయితే కొత్తగా వచ్చిన మనిషి ఆరు నెలల తర్వాత కూడా ఆ గుమ్మం తొక్కుతాడా లేదా అన్నది, అతని చేతికి ఒక పని ఎంత తొందరగా అందిందన్న దాన్ని బట్టి ఉంటుందని నా వాదన.

ఎపిస్కోపల్ చర్చిలో స్థానిక సంఘాన్ని పారిష్ అంటారు. మన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) వాళ్లు పాస్టరేట్ అంటారే, దాదాపు అదే. రెండు సంఘాలూ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలోవే కాబట్టి పోలిక అతకదన్న భయం లేదు. ఎపిస్కోపల్ పారిష్‌కు సభ్యులు ఎన్నుకునే వెస్ట్రీ అనే కమిటీ ఉంటుంది. జమాఖర్చులు, భవనం బాగోగులు, పాస్టరును ఎంచుకోవడం దాని పని. ప్రతి సంఘమూ ఏటేటా ఒక నివేదిక పంపాలి, అందులో అందరి కళ్లూ ముందు వాలేది ఆదివారపు సగటు హాజరు మీదే. దానికంటే ఎక్కువ చెప్పే కాగితం మరొకటి ఉంది, ఆరాధనలో చదివే ప్రకటనల కాగితం. ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, బాలింత ఇంటికి ఈ వారం భోజనం ఎవరు పట్టుకెళ్తారు, పైకప్పు మరమ్మతుకు ఇంకా ఎంత కావాలి, పిల్లల తరగతికి ఎవరు రావాలి. పైవాళ్లకు ఇంతకంటే చప్పటి చదువు ఉండదు. కానీ ఏడాది పాటు ఆ కాగితాలు దాచి, పనుల పక్కన ఉన్న పేర్లు మాత్రం చూడండి. అవే ఏడెనిమిది పేర్లు తిరిగి తిరిగి వస్తుంటే, బెంచీలు నిండినా ఆ సంఘం ముసలిదైపోతున్నట్టే. నిరుడు చేరినవాళ్ల పేర్లు ఈ ఏడు వంటగది వరుసలో, లెక్కల వరుసలో కనిపిస్తుంటే, హాజరు సంఖ్య కాస్త ఆలస్యంగానైనా వెనకే వస్తుంది.

కొత్తవాళ్ల చేతికి పని అందితే ఏమవుతుందో చూపించే ఊరొకటి టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ దగ్గర ఉంది. దాని పేరు బైబిల్ ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో ఒకటైన స్ముర్న పేరే. అక్కడి ఆల్ సెయింట్స్ సంఘం కథ 2017లో సినిమాగా కూడా వచ్చింది. స్వలింగ ప్రేమికుడినని బాహాటంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్ 2003లో న్యూహాంప్‌షైర్ బిషప్ కావడంతో ఎపిస్కోపల్ చర్చి అంతటా చీలికలు వచ్చాయి. ఈ ఊళ్లోనూ చాలామంది లేచి వెళ్లిపోయారు. గుప్పెడు మంది మిగిలారు, భవనం మీద అప్పు మిగిలింది. కొత్తగా వచ్చిన మైకేల్ స్పర్లాక్ అనే పాస్టరు ముందున్న దారి అమ్మకమే. సరిగ్గా అప్పుడు బర్మా నుంచి పారిపోయి, శరణార్థులుగా అమెరికా చేరిన కరెన్ జాతివాళ్లు పదులకొద్దీ ఆ గుమ్మంలోకి వచ్చారు. వాళ్లు ఆంగ్లికన్లు, తమ సంఘం ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఇక్కడ మామూలుగా జరిగేది మనకు తెలుసు. పాత బట్టలు, బియ్యం, దుప్పట్లు పంచి, ఫోటో తీసుకుని, వెనక బెంచీల్లో కూర్చోబెడతారు. అప్పుల్లో ఉన్న ఆ సంఘానికి పంచడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నదల్లా చర్చి చుట్టూ ఖాళీగా పడున్న నేల. వచ్చినవాళ్లేమో వ్యవసాయం తెలిసినవాళ్లు. ఆ నేల దున్ని, తమ వంటల్లోకి కావలసిన కూరగాయలు పండించారు, తాము తిని మిగిలింది అమ్మారు. (బర్మావాళ్లూ మనలాగే గోంగూరను ప్రాణంగా తింటారు కాబట్టి ఆ పొలం ఎలా ఉండేదో తెలుగువాడు తేలిగ్గానే ఊహించుకోగలడు.) భవనం అమ్ముడుపోలేదు. సంఘం నిలిచింది.

ఈ కథను దయ గల తెల్లవాళ్లు శరణార్థులను ఆదుకున్న కథగా చెప్పడం సులువు. జరిగింది చూస్తే అది సగమే నిజం. పొలం పనిలో తెలిసినవాళ్లు కొత్తవాళ్లు, నేర్చుకోవలసినవాళ్లు పాతవాళ్లు. అతిథి అనే మాట అక్కడ పొసగదు. ఎవరు ఎవరిని నిలబెట్టారో తేల్చడం కష్టం కాబట్టే ఆ బంధం గట్టిపడిందని నాకనిపిస్తుంది.

న్యూయార్క్‌లో మరో తీరు. మన్‌హటన్ చెల్సీ ప్రాంతంలోని హోలీ అపాసల్స్ చర్చి 1980ల మొదట్లో మూతపడే స్థితిలో ఉండేది. మూసేలోగా ఏదైనా పనికొచ్చేది చేద్దామని 1982లో ఆకలిగొన్నవాళ్లకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. కొద్దిమందితో మొదలైన ఆ పంక్తి రోజుకు వెయ్యి దాటింది. 1990లో చర్చికి నిప్పంటుకుంది. బాగుచేసినప్పుడు ఆరాధన మందిరంలో బెంచీలు తిరిగి పెట్టలేదు, ఖాళీ నేలను భోజనశాలగా వాడుకున్నారు. ఆదివారం ఎక్కడ ప్రభురాత్రి భోజనమో, సోమవారం అక్కడే పప్పూ రొట్టే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ గ్రెగరీ ఆఫ్ నిస్సా సంఘంలో సారా మైల్స్ అనే విలేఖరి, అంతకుముందు ఏ చర్చితోనూ సంబంధం లేని మనిషి, ఒక ఆదివారం లోపలికి నడిచి వచ్చింది. 2000లో ఆమె బలిపీఠం చుట్టూనే కూరగాయలు, సరుకులు పేర్చి పేదలకు ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. సంఘంలో కొందరికి అది నచ్చలేదు. నాకు ఆసక్తిగా తోచింది సరుకుల సంగతి కాదు, ఆ తర్వాత జరిగిన సంగతి. సంచీ పట్టుకుని వరుసలో నిలబడినవాళ్లే కొన్నాళ్లకు పెట్టెలు దించడానికి, వరుస చూసుకోవడానికి ముందుకొచ్చారు. పుచ్చుకునేవాళ్లు నడిపేవాళ్లయ్యారు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం. అన్నం చూపి మతంలోకి లాగడం అంటే ఇదేగా? ఈ మాట మన దగ్గర నూరేళ్లకు పైగా వినిపిస్తున్నదే, కొట్టిపారేయవలసిందీ కాదు. న్యూయార్క్ భోజనశాలలో తినడానికి వచ్చినవాణ్ని నీ మతమేమిటని అడగరు, ప్రసంగం వినిపించరు. వడ్డించేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్నారు. స్ముర్నకు వచ్చిన కరెన్లు ముందునుంచీ ఆంగ్లికన్లే. ఇంకాస్త లోతుకు వెళ్తే, ఎర అన్న ఆరోపణకు బలం వచ్చేది ఇచ్చేవాడు ఎప్పటికీ ఇచ్చేవాడుగానే, తీసుకునేవాడు ఎప్పటికీ తీసుకునేవాడుగానే ఉండిపోయినప్పుడు. తీసుకున్నవాడి చేతికే గరిటె, గోదాము తాళంచెవి వచ్చాక ఆ ఆరోపణ చాలావరకు బలం కోల్పోతుంది.

దీనికి పూర్తి ఎదురు వాదన కూడా ఉంది. హ్యూస్టన్‌లోని సెయింట్ మార్టిన్స్ చర్చి 1952లో పుట్టి ఎపిస్కోపల్ చర్చిలోకెల్లా పెద్ద పారిష్ అయింది. 2018లో జార్జి బుష్ సీనియర్ అంత్యక్రియల ఆరాధనల్లో ఒకటి జరిగింది అక్కడే. సంప్రదాయ ఆరాధన, గట్టి ప్రసంగం, గొప్ప గాన బృందం ఉంటే జనం వస్తారనడానికి అదే రుజువంటారు. ఆ నగరం పెరిగిన వేగాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, అది వేరే సంగతి. వేలమంది ఉన్న సంఘంలో ప్రసంగం మనిషిని లోపలికి రప్పించగలదు గాని, అతను రాకపోయిన ఆదివారం ఎందుకు రాలేదని ఫోన్ చెయ్యలేదు. ఆ పని చేసేది అతను పాడే బృందమో, పిల్లలకు పాఠం చెప్పే జట్టో. పెద్ద పారిష్‌లన్నీ లోపల చిన్న చిన్న జట్లుగా విడిపోయి బతుకుతాయి. సిద్ధాంతం పలచబడటం వల్లే ఈ శాఖ క్షీణించిందనేవాళ్లు మరికొందరు. రాబిన్సన్ బిషప్ కావడానికి మూడున్నర దశాబ్దాల ముందే సభ్యత్వం తగ్గడం మొదలైంది. సిద్ధాంతంలో రవ్వంత కూడా సడలని సదరన్ బాప్టిస్టులు 2006లో 1 కోటి 63 లక్షలున్నవాళ్లు 2023కల్లా 1 కోటి 30 లక్షలకు దిగారు. మైకేల్ హౌట్, ఆండ్రూ గ్రీలీ, మెలిసా వైల్డ్ అనే సమాజశాస్త్రవేత్తలు 2001లో చూపించినట్టు, పాత ప్రొటెస్టెంట్ శాఖలు చిక్కిపోవడంలో పెద్ద వాటా ఆ కుటుంబాల్లో పిల్లలు తక్కువ కావడానిదే. పుట్టేవాళ్లు తగ్గినచోట వచ్చేవాళ్లను నిలుపుకోవడమే మిగిలిన దారి.

ఇంకొక అభ్యంతరాన్ని మాత్రం నేను సగం ఒప్పుకుంటాను. చర్చి స్వచ్ఛంద సంస్థ అయిపోతుందనేది. హోలీ అపాసల్స్‌లో తినే వెయ్యిమంది ఆదివారం ఆరాధనకు రారు. వస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. వంటగది పెట్టినంతమాత్రాన సంఘం పెరగదు. జీతానికి వంటవాళ్లను పెట్టి సభ్యులు చెక్కులు రాసి ఊరుకుంటే అది మంచి పనే, సంఘ జీవితం మాత్రం కాదు. పాత సభ్యులు ఏళ్ల తరబడి అంటిపెట్టుకున్న పనిని వదిలి కొత్తవాళ్లకు అప్పగించగలరా అన్నదే అసలు చిక్కు. కాఫీ కలిపే టేబులు దగ్గర కూడా పెత్తనం ఉంటుంది. పాతికేళ్లుగా ఆ టేబులు చూసుకుంటున్న పెద్దావిడను పక్కకు జరగమనడం ఏ పాస్టరుకైనా ప్రసంగం రాయడం కంటే కష్టం.

కొత్తవాళ్ల చేతికి పని ఇవ్వడం అమెరికావాళ్లు కనిపెట్టింది కాదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్‌ను తన ఊరు చేసుకున్నాడు. ఆయన పద్ధతిలో సువార్త చెప్పడం పాస్టర్ల కొలువు కాదు. నిన్న బాప్తిస్మం పొందినవాడు, అక్షరం రాని కూలీ అయినా సరే, ఇవాళ తన పక్కింటివాడికి చెప్పవలసిందే. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి ఆ మేరకు మాట పలికించేవాడు. ఊరి చివర మాల, మాదిగ పల్లెల్లో, ఎన్నడూ ఎవరూ మాట్లాడనివ్వని మనుషులకు అది ఎంత పెద్ద బాధ్యతో ఆలోచించండి. మెదక్ సంగతీ అలాంటిదే. అక్కడ మిషనరీ పోస్నెట్ దొర కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి వెస్లియన్ మెథడిస్టులది. దోర్నకల్, మెదక్ రెండూ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. కరువు రోజుల్లో కూలీకి వచ్చినవాళ్ల చేతులతోనే మెదక్ చర్చి లేచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకే అమెరికా వెళ్లిన మనవాళ్ల సంగతి చూస్తే కాస్త విచిత్రంగా ఉంటుంది. అక్కడ ఎన్నో తెలుగు సహవాసాలు ఏదో ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నానికి అద్దెకు తీసుకుంటాయి. పొద్దున ఇంగ్లీషు సంఘం, మధ్యాహ్నం తెలుగు సంఘం. మధ్యలో బల్లలు తుడిచి తాళంచెవి అప్పజెప్పడం. ఒకే కప్పు కింద ఒకటి చిక్కిపోతుంటుంది, ఒకటి పిల్లాపాపలతో కిటకిటలాడుతుంటుంది, ఇద్దరి మధ్యా ఉన్నది అద్దె ఒప్పందమే. మనవాళ్లకూ అదే హాయి కావచ్చు, భాష దొరుకుతుంది, బిర్యానీ దొరుకుతుంది. స్ముర్నలో కరెన్లు కూడా అద్దెకే ఉండి ఉంటే ఆ భవనం ఇవాళ వేరొకరి చేతిలో ఉండేది.

ఇక్కడ హైదరాబాద్ పాస్టరేట్లలో భాష ఒకటే, ఆరాధన క్రమం ఒకటే, అద్దె గొడవ లేదు. పల్లె నుంచి సభ్యత్వ బదిలీ పత్రం పట్టుకుని వచ్చిన కుటుంబం పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, చందా కార్డు చేతికొస్తుంది. కోత పండుగ రోజున వాళ్లు తెచ్చిన గుమ్మడికాయను వేలం వేసేది మాత్రం పాతవాళ్లే. ఈసారి సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లెక్కలు చదవడం పూర్తయ్యాక ఎవరైనా లేచి ఒక్క ప్రశ్న అడిగితే బాగుండు: గడిచిన మూడేళ్లలో చేరిన కుటుంబాల్లో ఎన్నింటికి ఈ సంఘంలో ఏదో ఒక పని అప్పగించాం, ఆ పేర్లు చదవండి అని.