భయానక చిత్రం ఎవరి కోసం?

భయానక చిత్రాన్ని తలపెట్టిన వారిని “ఇది ఎవరి కోసం?” అని ప్రశ్నిస్తే, సాధారణంగా లభించే సమాధానం “అందరి కోసం” అన్నదే. ఆ చిత్రం యొక్క పరాజయానికి బీజం ఆ సమాధానంలోనే ఉన్నదని మా అభిప్రాయం. నవ్వు నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టగలదు. భయం అట్టిది కాదు. బాలుడు చీకటికి జడుస్తాడు. తల్లి బిడ్డకు రాబోయే ఆపదకు జడుస్తుంది. పరాయి ఊరిలో ఒంటరిగా ఉన్న యువకుడు తలుపు చప్పుడుకు జడుస్తాడు. ఎవరి భయం వారిదే.

ఈ వివేకం మనకు క్రొత్తది కాదు. యువకులు శృంగారాన్ని, శూరులు రౌద్ర బీభత్సాలను, వృద్ధులు పురాణ గాథలను మెచ్చుతారని భరతుడు నాట్యశాస్త్రంలో ఏనాడో విభజించి చెప్పాడు.

హిందీ చిత్రసీమలో రామ్సే సోదరుల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. 1970లో వారి కుటుంబం నిర్మించిన “ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ” విఫలమైనది. అయితే భయంకరమైన ముసుగు ధరించిన దొంగ కనిపించే ఒక ఘట్టం కోసమే జనం థియేటరుకు వస్తున్నారని ఆ సోదరులు గమనించారు. చిత్రం పోయినా ప్రేక్షకుడు దొరికాడు! 1972లో “దో గజ్ జమీన్ కే నీచే”, 1984లో “పురానా మందిర్” ఆ ప్రేక్షకుని కోసమే వచ్చాయి. స్వల్ప వ్యయం, పేరుమోసిన తారలు లేకపోవడం, పాడుబడిన హవేలీలు, చిన్న పట్టణాల థియేటర్లు: అన్నీ ఆ లెక్క ప్రకారమే కుదిరాయి.

2003లో మన తెలుగువాడైన రాంగోపాల్ వర్మ “భూత్” తీసినప్పుడు ఈ హవేలీని విడిచి, బొంబాయిలోని ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటును ఎన్నుకున్నాడు. కథ మధ్య పాటలు పెట్టలేదు. నగరవాసికి పాడుబడిన కోట కన్న తాను ప్రతిరాత్రి ఎక్కే లిఫ్టే ఎక్కువ భయం గొలుపుతుంది. ఇక 2013లో వచ్చిన “ప్రేమకథా చిత్రమ్” భయాన్ని హాస్యంతో కలిపి యువతను మెప్పించింది. కనుక కలపడం దోషం కాదు. ఎవరి కోసం కలుపుతున్నామో తెలియకపోవడమే దోషం.

అయితే ఈ ప్రశ్నకు మరొక ముఖం ఉన్నది: ఈ చిత్రం ఎవరి కోసం కాదు? ‘ఎ’ సర్టిఫికెట్టు పొందిన చిత్రానికి 18 ఏండ్లు నిండని వారిని అనుమతించరాదని చట్టం చెబుతున్నది. 2023 నాటి సవరణతో ‘యు/ఎ’ తరగతిని సైతం 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విభజించారు. అయినను పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని రెండవ ఆటకు వచ్చే తలిదండ్రులను మనం చూస్తూనే ఉన్నాము. పెద్దలకు రెండు గంటల వినోదమైనది ఆ పసివానికి ఎన్నో రాత్రుల నిద్రను హరించవచ్చు. టిక్కెట్టు చించే ఉద్యోగి, తలిదండ్రులు, నిర్మాత, ముగ్గురూ ఇందుకు బాధ్యులే.

నేడు చేతిలోని ఫోనుతోనే లఘుచిత్రాలు తీస్తున్న విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. కథ వ్రాయుటకు ముందు కాగితం పైభాగాన రెండు పంక్తులు వ్రాయండి: ఇది ఎవరి కోసం, ఎవరి కోసం కాదు. మొదటి పంక్తి చిత్రాన్ని నిలబెడుతుంది. రెండవది పసివారిని కాపాడుతుంది.