తూనికరాళ్లకూ తనిఖీ కావలెను

పలాసలో జీడిపప్పు తూచు కాటాకైనను, విజయనగరం బజారులో బియ్యము తూచు రాళ్లకైనను ప్రభుత్వ ముద్ర ఉండవలెనని చట్టము. తూనికరాయి కొనుగోలుదారుని సంచిలోనికి పోదు. అయినను అది అరిగినచో ఆనాడు తూచిన ప్రతి సంచీ అబద్ధమే అగును. మొబైల్ యాప్‌ల నిర్మాణములో టెస్టింగ్ లైబ్రరీల స్థానము ఇదే. అవి వినియోగదారుని ఫోనులోనికి చేరవు. అందువలననే వాటిని కాలానుగుణముగా మార్చవలెనన్న చింత ఎవరికీ కలుగదు. ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము.

జావా ప్రోగ్రాములను పరీక్షించు జేయూనిట్ అను సాధనమును 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా రూపొందించిరి. దాని నాల్గవ రూపము 2006లోను, ఐదవది 2017లోను వెలువడినవి. 2018లో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ సహాయక లైబ్రరీలను ఆండ్రాయిడ్‌ఎక్స్ అను పేరున పునర్వ్యవస్థీకరించినప్పుడు పరీక్షా లైబ్రరీల పేర్లు సైతము మారినవి. యాప్ ముందునకు సాగి పరీక్షలు వెనుకనే నిలిచిపోయినచో, ఒకనాడు అవి నడువనే నడువవు. అప్పుడు గడువు ముంచుకొచ్చిన విద్యార్థి చేయు పని ఒక్కటే: నడువని పరీక్షను తాత్కాలికముగా మూసివేయుట. ఆ తాత్కాలికమే శాశ్వతమగును. పరీక్ష లేదు గనుక దోషము కనబడదు. దోషము కనబడలేదు గనుక అంతయు క్షేమమని తలంతురు.

ఈ విషయము తెలుగు, ఉర్దూ చదువరులమైన మనకు మరింత ముఖ్యము. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరము ప్రపంచమంతటా ఐఫోన్లను కలవరపెట్టినది. ‘జ్ఞ’కును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని ఒక విభాజక సంకేతము చేరిన రూపమది. దానిని తెరపై చూపబోయిన సందేశాల యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సరిదిద్దినది. అంతకు ముందు 2015 మేలో అరబీ అక్షరములు కలిసిన ఒక సందేశము వచ్చినంతనే ఐఫోన్లు ఆగి తిరిగి మొదలైనవి. అరబీ లిపియే ఉర్దూ లిపికి మూలము. గిడుగు, గురజాడల గడ్డపై పుట్టిన మనము మన అక్షరములను పరీక్షించు భారమును పరులకు వదలుట న్యాయమా?

‘నడుచుచున్న దానిని కదపరాదు’ అని కొందరందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. 2018లోనే ఈవెంట్‌స్ట్రీమ్ అను లైబ్రరీ నిర్వహణ ఒక అపరిచితుని చేతికి పోగా, బిట్‌కాయిన్ సొమ్ము అపహరించు కోడ్ అందులో చేరినది. పరీక్షా లైబ్రరీ వినియోగదారుని చేరకున్నను, దానిని నడుపువాని కంప్యూటరులో స్వేచ్ఛగా సంచరించును. కనుక కొత్తదన్న కారణముననే దేనినీ స్వీకరింపరాదు. అయితే ఇది మార్పులో జాగ్రత్త వహింపవలెనని చెప్పునే గాని, మార్పే వలదని చెప్పదు.

మార్పునకు ఒక పద్ధతి కలదు. ముందు ఉన్న పరీక్షలన్నియు నెగ్గుచున్నవని నిర్ధారించుకొనవలెను. పిదప ఒక్కొక్క లైబ్రరీనే మార్చవలెను. అన్నింటిని ఒకేసారి మార్చినచో తప్పు దేనిదో తెలియదు. మార్పుల పట్టికను చదివి, వాడిన సంఖ్యను ఖచ్చితముగా నమోదు చేయవలెను. మార్చిన తరువాత కోడ్‌లో ఒక తప్పును కావలెనని చొప్పించి, పరీక్ష దానిని పట్టునో లేదో చూడవలెను. పట్టని పరీక్ష ముద్ర లేని రాయి వంటిది.

కళాశాల కమిటీ వారికి మా మనవి రెండే. ప్రాజెక్టు మార్కులలో కొంత భాగమును కొత్త యాప్ నిర్మాణమునకు గాక, పూర్వ విద్యార్థులు విడిచిపోయిన యాప్ పరీక్షలను బాగుచేయుటకు కేటాయింపవలెను. ప్రతి ప్రాజెక్టు పరీక్షలలోను తెలుగు సంయుక్తాక్షరములు, కుడినుండి ఎడమకు సాగు ఉర్దూ వాక్యములు తప్పనిసరి కావలెను. ఇందుకు ధనము కన్న శ్రద్ధయే ఎక్కువ కావలెను. మిత్రులారా, కొత్తది కట్టినవానికి చప్పట్లు సులభముగా లభించును. కట్టినదానిని కాపాడువానికి సైతము గౌరవము దక్కిననాడే ఈ విద్య మన జిల్లాలలో వేరూనును.